తెర మీద అంకె, తీగలో తగువు

ఎక్స్‌కవేటర్ క్యాబిన్‌లోని తెర మీద 110-3 అని వస్తే చేయాల్సిన పని ఒకటి, 110-0 అని వస్తే చేయాల్సిన పని పూర్తిగా వేరు. 110 అంటే కూలెంట్ ఉష్ణోగ్రత. మొదటి కోడ్‌లో ఇంజన్ వేడెక్కిందని ఎవరూ అనలేదు. ఆ సెన్సర్ తీగలో ఉండాల్సిన దానికంటే ఎక్కువ వోల్టేజి కనిపిస్తోందని మాత్రమే ఇంజన్ కంప్యూటర్ చెబుతోంది. రెండో కోడ్‌లో సెన్సర్ నిక్షేపంగా ఉంది, నీళ్లే మరుగుతున్నాయి. అయినా క్వారీల్లో, రోడ్డు పనుల దగ్గర ఈ రెంటికీ వినిపించే మాట ఒకటే: "కూలెంట్ సెన్సర్ పోయింది, కొత్తది తెప్పించండి." మొదటి బండికి కొత్తది వేసినా కోడ్ అలాగే ఉండిపోవచ్చు. రెండో బండికి కొత్తది వేసి పనిలోకి దింపితే సాయంత్రానికి హెడ్ గాస్కెట్ పోవచ్చు.

భారీ యంత్రాల మరమ్మతులో ఇవాళ జరుగుతున్న దుబారాలో పెద్ద భాగం ఈ గీతకు కుడివైపున ఉన్న చిన్న అంకెను చదవకపోవడం వల్లే. ఎడమవైపు సంఖ్య ఎక్కడ చూడాలో చెబుతుంది. కుడివైపుది కంప్యూటర్‌కు ఏం కనిపించిందో, ఎలా కనిపించిందో చెబుతుంది. ఎడమ సంఖ్య చూసి విడిభాగాల దుకాణానికి ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ.

1980ల మొదట్లో ఈ గొడవ లేదు. డీజిల్ ఎంత పోవాలి, ఎప్పుడు పోవాలి అన్నది పంపులోని స్ప్రింగులూ బరువులూ తేల్చేవి. పొగ రంగు చూసి, చప్పుడు విని మేస్త్రీలు రోగం పట్టేవారు. 1985లో డెట్రాయిట్ డీజిల్ 'డీడెక్' పేరుతో, 1988లో క్యాటర్‌పిల్లర్ 3176 ఇంజన్‌తో ఇంధనం పగ్గాలను ఎలక్ట్రానిక్స్ చేతికిచ్చాయి. యంత్రంలోని కంప్యూటర్లన్నీ రెండే తీగల మీద మాట్లాడుకునే 'క్యాన్' పద్ధతిని బాష్ సంస్థ 1986లో ప్రకటించింది. దాని మీదే లారీలకూ భారీ యంత్రాలకూ అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం జె1939 అనే ప్రమాణాన్ని కట్టింది. ఇప్పుడు కోడ్‌ల గురించి ఎక్కడ ఏ చర్చ జరిగినా దాని వేళ్లు అక్కడే ఉంటాయి.

మన దేశంలో ఈ మార్పు ఆలస్యంగా వచ్చి ఒక్కసారిగా మీద పడింది. చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ నుంచి నాలుగో దశ ఉద్గార నిబంధనలు, 2025 జనవరి నుంచి ఐదో దశ అమల్లోకి వచ్చాయి. అంతకుముందు మెకానికల్ పంపుతో బతికిన బ్యాక్‌హో లోడర్‌కు అధిక ఒత్తిడి డీజిల్‌ను ఇంజెక్టర్లకు పంచే కామన్ రైల్ వచ్చింది, డజనుకు పైగా సెన్సర్లు వచ్చాయి, పొగ గొట్టంలో వడపోతలూ రసాయన శుద్ధీ వచ్చాయి. ఊళ్లో జేసీబీ బాగుచేసే మెకానిక్ చేతిలో ఉన్న సామాను మాత్రం పెద్దగా మారలేదు.

కోడ్ అంటే ఏమిటో చూస్తే సగం భయం పోతుంది. లోపం ఉన్నంతసేపూ ఇంజన్ కంప్యూటర్ సెకనుకు ఒకసారి ఆ క్యాన్ తీగల మీద ఒక సందేశం పంపుతూనే ఉంటుంది. అందులో మూడు ముక్కలుంటాయి. అనుమానం దేని మీదో చెప్పే సంఖ్య ఎస్‌పీఎన్. దానికి 19 బిట్ల చోటుంది కాబట్టి అయిదు లక్షలకు పైగా విషయాలకు పేరు పెట్టొచ్చు. లోపం తీరును చెప్పేది ఎఫ్‌ఎంఐ, సున్నా నుంచి 31 వరకు. మూడోది ఎన్నిసార్లు జరిగిందన్న లెక్క. ఆయిల్ ప్రెజర్ 100, డీజిల్‌లో నీళ్లు 97, టర్బో నుంచి వచ్చే గాలి ఒత్తిడి (బూస్ట్) 102, రైల్ ఒత్తిడి 157, బ్యాటరీ వోల్టేజి 168. ఈ సంఖ్యలు ఏ కంపెనీ బండికైనా ఒకటే.

తగువంతా కంపెనీల సొంత యాసలతో. కమ్మిన్స్ ఇంజన్‌లో రైల్ ఒత్తిడి ఒక మోస్తరుగా పడిపోతే దాని కోడ్ 559. కొమాట్సు పీసీ200-8 ఎక్స్‌కవేటర్‌లో ఉన్నది కమ్మిన్స్ క్యూఎస్‌బీ6.7కు తోబుట్టువైన ఇంజన్ కాబట్టి అక్కడ అదే జబ్బు సీఏ559 అని కనిపిస్తుంది. జె1939 భాషలో అది 157-18. క్యాటర్‌పిల్లర్ ఇంజన్ ఆయిల్ ప్రెజర్ తగ్గితే ఇ360 అంటుంది, వేడెక్కితే ఇ361. రెండు బ్రాండ్ల బండ్లు నడిపే చిన్న కాంట్రాక్టరుకు పేర్లు మారిన ఒకే రోగం రెండు వేర్వేరు రోగాలని అనిపించడంలో ఆశ్చర్యం లేదు. కొమాట్సు పుస్తకం దొరకనప్పుడు కమ్మిన్స్ పుస్తకంలో అదే సంఖ్య వెతికి పని చక్కబెట్టుకునే మెకానిక్‌లు ఉన్నారు. అది దొంగదారేమీ కాదు, తెలివైన దారి.

ఇక ఆ కుడివైపు అంకె సంగతి. 3, 4 వస్తే వోల్టేజి మరీ ఎక్కువ, మరీ తక్కువ. 5, 6 వస్తే కరెంటు మరీ తక్కువ, మరీ ఎక్కువ. ఈ నాలుగూ విద్యుత్ సంబంధమైనవి, మల్టీమీటర్ పని. 0, 1తో పాటు 15 నుంచి 18 వరకు ఉన్నవి వేరే జాతి. అక్కడ సెన్సర్ నమ్మదగ్గ విలువే ఇస్తోంది, ఆ విలువే ప్రమాదకరంగా ఉంది. అంటే స్పానర్ పని. 2 అంటే రీడింగ్ నిలకడగా లేదు, లేదా మిగతా సెన్సర్లతో పొంతన లేదు. 7 అంటే ఆజ్ఞ వెళ్లింది గానీ యాంత్రిక భాగం కదల్లేదు. 9, 19 అంటే రావలసిన సమాచారం నెట్‌వర్క్‌లో సరిగా రాలేదు. 31కి మాత్రం తయారీదారు పుస్తకం చూడక తప్పదు, దానికి ఒక్కో కంపెనీ ఒక్కో అర్థం చెబుతుంది.

110-3 దగ్గరికే తిరిగి వెళ్తే ఈ తర్కం ఎంత సులువో తెలుస్తుంది. కూలెంట్ సెన్సర్ అంటే వేడి పెరిగే కొద్దీ నిరోధం తగ్గే చిన్న ముక్క. కంప్యూటర్ తన లోపలి నిరోధకం గుండా అయిదు వోల్టులు పంపి, ఆ తీగ మీద ఎంత మిగిలిందో చూస్తుంది. చల్లగా ఉంటే ఎక్కువ మిగులుతుంది, వేడిగా ఉంటే తక్కువ. కప్లర్ ఊడినా, తీగ తెగినా అయిదు వోల్టులూ అలాగే ఉండిపోతాయి. కంప్యూటర్‌కు అది సైబీరియా చలిలా కనిపిస్తుంది. అంత చలి ఉండదని దానికి తెలుసు కాబట్టి 3 వేస్తుంది. తీగ ఒరుసుకుని ఛాసిస్‌కు తగిలితే వోల్టేజి సున్నాకు పడుతుంది, 4 వేస్తుంది.

పైసా ఖర్చు లేని పరీక్ష ఇక్కడే ఉంది. కోడ్ 4 ఉన్నప్పుడు సెన్సర్ కప్లర్ పీకేస్తే అది 3గా మారాలి. మారితే తీగా కంప్యూటరూ బాగున్నట్టే, తప్పు సెన్సర్‌ది. మారకుండా 4 లోనే ఉంటే తీగ ఎక్కడో ఎర్త్ అయింది, కొత్త సెన్సర్ కొనడం దండగ. కోడ్ 3 ఉంటే కప్లర్ పీకి, దాని రెండు రంధ్రాలనూ చిన్న తీగతో కలిపితే 4గా మారాలి. మారకపోతే కంప్యూటర్ దాకా ఎక్కడో దారి తెగింది. రెండు తీగల ఉష్ణోగ్రత సెన్సర్లన్నిటికీ ఇది పనికొస్తుంది. మూడు తీగల ప్రెజర్ సెన్సర్ల దగ్గర మాత్రం అయిదు వోల్టుల సప్లయి తీగను ఎర్త్‌తో కలిపే దుస్సాహసం చేయకూడదు. అక్కడ ముందు సప్లయి అయిదు వోల్టులుందా, ఎర్త్ గట్టిగా ఉందా, సిగ్నల్ సాధారణంగా అర వోల్టుకూ నాలుగున్నర వోల్టులకూ మధ్య కదులుతోందా అని కొలిచి చూసుకోవాలి.

ఆ సప్లయి దగ్గరే బోలెడు డబ్బు వృథా అవుతుంది. చాలా ఇంజన్లలో ఒకే అయిదు వోల్టుల లైను నాలుగైదు సెన్సర్లకు పంచుతారు. పల్లెలో ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద నాలుగు మోటార్లున్నప్పుడు ఒక మోటారు కాలితే ఫ్యూజు పోయి నాలుగు పొలాలూ ఎండుతాయి, ఇదీ అంతే. ఒక్క బూస్ట్ సెన్సర్ లోపల షార్ట్ అయితే ఆయిల్ ప్రెజర్, రైల్ ఒత్తిడి, ఇంధన ఒత్తిడి సెన్సర్లన్నీ ఒక్కసారిగా తప్పుడు రీడింగ్ ఇస్తాయి, తెర మీద కోడ్‌ల వరద వస్తుంది. ఒకేసారి నాలుగు సెన్సర్లు పోవడం అరుదు. ఆ జాబితాలో ఎక్కడో 3509 నుంచి 3512 మధ్య సంఖ్య గానీ, కమ్మిన్స్ యాసలో 352 గానీ ఉందేమో చూడాలి. అది సెన్సర్ల సప్లయి వోల్టేజి కోడ్. అది కనిపిస్తే మిగతావన్నీ పక్కనబెట్టి, ఆ లైను మీది కప్లర్లు ఒక్కొక్కటే పీకుతూ పోవాలి. ఏది పీకినప్పుడు అయిదు వోల్టులు తిరిగొస్తాయో అదే దొంగ. అన్నీ పీకినా రాకపోతే హార్నెస్‌లో, అంటే తీగల కట్టలో, వెతకాలి.

నిర్మాణ యంత్రాల హార్నెస్ బతుకు కారు హార్నెస్ బతుకులా ఉండదు. రాక్ బ్రేకర్ బిగించిన ఎక్స్‌కవేటర్ రోజంతా వణుకుతుంది. సాయంత్రం ప్రెజర్ వాషర్‌తో కడిగినప్పుడు నీరు కప్లర్ సీళ్లలోంచి లోపలికి దూరుతుంది. వానాకాలం షెడ్డులో నిలిపిన బండి తీగలు ఎలుకల పాలవుతాయి. బకెట్ పళ్లకు వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ తీయరు, కంప్యూటర్ కప్లర్ విప్పరు, వెల్డింగ్ ఎర్త్‌ను ఎక్కడో దూరంగా కరిపిస్తారు. వీటికి తోడు పరీక్ష పేరుతో తీగ తొడుగులో సూది గుచ్చే అలవాటు ఒకటి. ఆ చిల్లులోంచి తేమ వెళ్లి రాగి పచ్చగా మారుతుంది. ఇవాళ కోడ్ వెతికిన చోటే ఆరు నెలల తర్వాత మరో కోడ్ పుడుతుంది.

మల్టీమీటర్ 'బీప్' కూడా మోసం చేస్తుంది. పది పోగుల తీగలో తొమ్మిది తెగి ఒకటి మిగిలినా కంటిన్యుటీ మోగుతుంది. కంప్యూటర్‌కు వెళ్లే పవర్, ఎర్త్ తీగలను నమ్మాలంటే కంప్యూటర్ కప్లర్ విప్పి, ఆ తీగల మధ్య ఒక హెడ్‌లైట్ బల్బు వెలిగించి చూడాలి. బల్బు మినుకుమంటే తీగ లోపల దెబ్బతింది. అలాగే కోడ్‌ల చిట్టా విప్పే ముందు స్టార్టర్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ వోల్టేజి ఎంతకు పడుతోందో ఒకసారి కొలవాలి. బ్యాటరీ నీరసపడితే సంబంధం లేని కోడ్‌లు గుంపుగా వస్తాయి. పాత కోడ్‌ల జాబితాలో కనిపించే కొన్నింటిని ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా కప్లర్లు పీకి మెకానిక్‌లే పుట్టిస్తారు. అందుకే ముట్టుకోక ముందే జాబితాను ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది.

నెట్‌వర్క్ తీగల పరీక్ష ఇంతకంటే చిన్నది. క్యాన్ లైను రెండు చివర్లా 120 ఓమ్‌ల నిరోధకాలుంటాయి. బ్యాటరీ కట్ చేసి, తొమ్మిది పిన్నుల డయాగ్నస్టిక్ సాకెట్‌లో సీ, డీ పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది. 40 వస్తే ఎవరో అదనపు నిరోధకం తగిలించారు. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలూ ఒకదానికొకటి అంటుకున్నాయి.

ఇదంతా ఎలక్ట్రీషియన్ వైపు కథ. సెన్సర్ నిజం చెబుతున్నప్పుడు మొదలయ్యే కథ వేరు. పాత తరం మేస్త్రీల విలువ తెలిసేది అక్కడే.

100-1 అంటే ఆయిల్ ప్రెజర్ అత్యంత ప్రమాదకర స్థాయికి పడిపోయింది. ఆ క్షణంలో చేయాల్సింది ఇంజన్ ఆపడం. ఆ తర్వాత డిప్‌స్టిక్ తీసి చూడాలి. మట్టం తగ్గిందా? పెరిగిందా? పెరిగితే డీజిల్ కలిసిందేమో వాసన చూడాలి. పలచబడిన ఆయిల్ ఒత్తిడి నిలపలేదు. చివరగా సెన్సర్ విప్పిన రంధ్రంలో పాతకాలపు ముల్లు గేజ్ బిగించి స్టార్ట్ చేయాలి. గేజ్ కూడా తక్కువే చూపిస్తే సెన్సర్ నిర్దోషి. బేరింగ్‌లో, పంపులో, రిలీఫ్ వాల్వ్‌లో వెతకాలి. కొన్ని వందల రూపాయల గేజ్ ఒకటి పెట్టెలో లేక క్రాంక్ షాఫ్ట్ పోగొట్టుకున్న బండ్లు ఏ ఊళ్లోనైనా కనిపిస్తాయి.

157-18 మరీ జటిలం. కామన్ రైల్‌లో ఒత్తిడి 1600 బార్‌లు దాటే ఇంజన్లు ఇప్పుడు మామూలే. ఆ ఒత్తిడి తగ్గిందన్న కోడ్ రాగానే రైల్ సెన్సర్ మారుస్తారు, తర్వాత హై ప్రెజర్ పంపు విప్పుతారు, ఆ తర్వాత ఇంజెక్టర్లు. ఖర్చు లక్షలకు చేరాక ట్యాంకు అడుగున జాలీకి పట్టిన మురికి బయటపడుతుంది. వరస తిరగబడాలి. ముందు ట్యాంకు మూత గాలి రంధ్రం, జాలీ, ప్రీఫిల్టర్. తర్వాత సక్షన్ గొట్టం మధ్యలో పారదర్శకమైన ముక్క పెట్టి బుడగలు వస్తున్నాయేమో చూడటం. సక్షన్ వైపు సందు పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది, అందుకే కంటికి దొరకదు. ఆ పిమ్మట ఫీడ్ పంపు ఒత్తిడి. ఆ తర్వాతే ఇంజెక్టర్ల నుంచి ట్యాంకుకు తిరిగి పోయే డీజిల్‌ను కొలిచి, ఏ ఇంజెక్టర్ ఎక్కువ వదిలేస్తోందో తేల్చడం, రైల్ రిలీఫ్ వాల్వ్ కారుతోందేమో చూడటం. కల్తీ డీజిల్, బారెల్‌లో నిలవబెట్టి చేతి పంపుతో తోడిన డీజిల్ రాజ్యమేలే సైట్లలో ఈ కోడ్ ఎందుకు ఇంత తరచుగా వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

వోల్టేజి హద్దుల్లోనే ఉంటూ అబద్ధం చెప్పే సెన్సర్ అన్నిటికంటే కష్టమైన రకం. దానికి కోడ్ రాకపోవచ్చు కూడా. పట్టుకోవడానికి తెల్లవారుజాము మంచి వేళ. రాత్రంతా ఆగిన ఇంజన్‌లో కూలెంట్, ఆయిల్, డీజిల్, లోపలికి వెళ్లే గాలి అన్నీ దాదాపు ఒకే వేడిలో ఉంటాయి. స్టార్ట్ చేయకుండా తాళం తిప్పి రీడింగ్‌లు చూసినప్పుడు మూడు 26 డిగ్రీలనీ ఒకటి 41 అనీ చూపిస్తే దొంగ దొరికినట్టే. ఒత్తిడి సెన్సర్లకూ ఇదే సూత్రం. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు బూస్ట్ సెన్సర్ సంపూర్ణ ఒత్తిడి చూపించేదైతే వాతావరణ ఒత్తిడినే చూపాలి. విశాఖ రేవులో సుమారు 101 కిలోపాస్కల్స్, హైదరాబాద్‌లో 95 దగ్గర, సరిహద్దు రోడ్ల పని జరిగే లేహ్ ఎత్తులో 65 దగ్గర. లేహ్‌లో నిలిపిన బండి 101 చూపిస్తే అది సముద్రాన్ని తలచుకుంటోందని అర్థం.

ఉద్గారాల విభాగంలో సెన్సర్ సాక్ష్యం ఇంకా చిక్కుగా ఉంటుంది. 4364-18 అంటే పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను ఉత్ప్రేరకం తగినంత తగ్గించడం లేదని కోడ్. అది ఏ ఒక్క సెన్సర్ మాటా కాదు. ముందూ వెనకా ఉన్న రెండు సెన్సర్ల రీడింగ్‌ల నుంచి కట్టిన లెక్క. డ్రైవర్లు యూరియా అని పిలిచే డీఈఎఫ్ ద్రవంలో 32.5 శాతం యూరియా ఉండాలి. నీళ్లు కలిపితే ఈ కోడ్ వస్తుంది. పొగ గొట్టం జాయింటులో సందుంటే వస్తుంది, డీఈఎఫ్ ఇంజెక్టర్ నాజిల్ దగ్గర తెల్లటి గడ్డ కట్టినా వస్తుంది. వెనక సెన్సర్ అమ్మోనియాను కూడా నైట్రోజన్ ఆక్సైడ్‌గానే లెక్కగడుతుంది. కాబట్టి ద్రవం ఎక్కువ పడ్డా 'శుద్ధి జరగలేదు' అనే చూపిస్తుంది. ద్రవం తక్కువైనా ఎక్కువైనా ఒకే ఫిర్యాదు.

ఈ కోడ్‌లకు శిక్ష కూడా ఉంది. పట్టించుకోకపోతే ఇంజన్ బలం దశలవారీగా తగ్గి చివరికి బండి పాకుతుంది. నిబంధన ఉద్దేశం మంచిదే. కానీ ఒక్క చెడిన సెన్సర్ వల్ల కోతల కాలంలో హార్వెస్టర్లు, పోత మధ్యలో యంత్రాలు ఆగిపోతున్నాయని అమెరికాలో రైతులూ లారీ యజమానులూ ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. చివరికి 2025 ఆగస్టులో అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ హఠాత్తుగా బలం పడిపోకుండా సాఫ్ట్‌వేర్ సవరించాలని తయారీదారులకు సూచించింది, 2027 మోడల్ నుంచి కొత్త లారీలు ఆ ప్రకారమే రావాలంది. మన దగ్గర ఈ చర్చ ఇంకా మొదలవలేదు. ఐదో దశ బండ్లకు వారంటీ తీరాక మొదలవుతుంది.

అప్పుడు ఎదురయ్యే ప్రశ్న సాఫ్ట్‌వేర్ ఎవరి చేతిలో ఉందన్నది. కోడ్ చదవడానికి మార్కెట్లో దొరికే సాధారణ రీడర్ సరిపోతుంది. ఇంజెక్టర్ కోడ్ రాయడానికి, వడపోతను బలవంతంగా శుభ్రం చేయించడానికి, కంప్యూటర్ మార్చి ప్రోగ్రామ్ చేయడానికి కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ కావాలి. దాన్ని ఆపి ఉంచడమే గుత్తాధిపత్యమని జాన్ డీర్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో దావా వేసింది. కొలరాడో రాష్ట్రం 2023లోనే వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కుకు చట్టం చేసింది. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో ఒక కమిటీ వేసి, డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది. మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు, వ్యవసాయ పరికరాలు దాని పరిధిలో ఉన్నాయి. నిర్మాణ యంత్రాలను విడిగా ప్రస్తావించలేదు. సింగరేణి గనుల్లాంటి చోట వర్క్‌షాపులూ శిక్షణ పొందిన సిబ్బందీ ఉంటారు. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్ విప్పి బిగించడంలో ఎవరికీ తీసిపోని చేతులున్నాయి. ఆ చేతులకు సర్క్యూట్ బొమ్మా సాఫ్ట్‌వేరూ న్యాయమైన ధరకు దొరకకపోతే, ఒకటి రెండు బండ్లు అప్పు మీద కొని గంటల లెక్కన తిప్పే యజమాని డీలర్ వ్యాన్ కోసం రోజుల తరబడి ఎదురుచూడక తప్పదు. ఆ ఎదురుచూపును పొల్యూషన్ సెన్సర్లను మోసం చేసే దొంగ పెట్టెలు అమ్మేవాళ్లు సొమ్ము చేసుకుంటారు.

కోడ్‌లు ఇప్పుడు గాలిలో కూడా ప్రయాణిస్తున్నాయి. కొమాట్సు కామ్‌ట్రాక్స్, జేసీబీ లైవ్‌లింక్ వంటివి ఆపరేటర్ గమనించక ముందే హెచ్చరికను డీలర్ కార్యాలయానికి చేరుస్తాయి. వేర్వేరు కంపెనీల బండ్ల సమాచారాన్ని ఒకే చోట చూసుకునేందుకు ఐఎస్ఓ 15143-3 అనే ప్రమాణం ఉంది, లోపాల కోడ్‌లు కూడా అందులో భాగమే. పెద్ద కంపెనీలు వాడుకుంటున్నాయి. చిన్న యజమానుల్లో చాలామందికి తమ బండి గురించి ఆ సమాచారాన్ని తామూ చూసుకోవచ్చన్న సంగతే తెలియదు.

సెకండ్ హ్యాండ్ బేరాల్లో కోడ్‌ల చిట్టాకు ఇంకో విలువ ఉంది. అమ్మేముందు బండిని కడిగి రంగు వేసినట్టే పాత కోడ్‌లనూ చెరిపేస్తారు. అన్నీ చెరగవు. క్యాటర్‌పిల్లర్ ఇంజన్లలో ఆయిల్ ప్రెజర్ పడిపోవడం, అతిగా వేడెక్కడం, హద్దు మీరి తిరగడం వంటి కొన్ని ఘటనలను తుడవాలంటే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ కావాలి. ఏ గంట దగ్గర జరిగిందో, ఎన్నిసార్లు జరిగిందో రికార్డులో ఉండిపోతుంది. కాబట్టి బేరం తెగక ముందే రీడర్ ఉన్న మనిషిని వెంటబెట్టుకెళ్లి, బండి మీటరులోని గంటలనూ ఆ చిట్టాలోని గంటలనూ పక్కపక్కన పెట్టి చూడటం కొనేవాడి పని. చిట్టా మొత్తం ఖాళీగా ఉంటే, దాన్ని ఎప్పుడు, ఎవరు, ఎందుకు చెరిపారని అమ్మేవాడిని అడగాలి.